ఖాళీ బండి వేరు, లోడు బండి వేరు: కొత్తగా పికప్ తీసుకున్నవారికి

కొత్త పికప్ ఇంటికొచ్చిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుడి దాకా ఒక రౌండు వేసి వస్తాం. ఆ రౌండులో బండి చెప్పినట్టు వింటుంది. బ్రేకు తొక్కగానే ఆగుతుంది, స్టీరింగు వేలితో తిరుగుతుంది. కారు నడిపిన చేతికి ఇదీ కారులాగే అనిపిస్తుంది. నాలుగు రోజులు పోయాక అదే బండిలో టన్నుకు పైగా సరుకు వేసుకుని రోడ్డెక్కితే తెలుస్తుంది, మనం గుడికి తీసుకెళ్ళింది ఈ బండిని కాదని.

పికప్ నేర్చుకోవడంలో మొదటి పాఠం ఇదే. మీరు కొన్నది ఒక బండే అయినా నడపాల్సింది రెండు బండ్లను. టైర్లలో గాలి, బ్రేకు, హెడ్‌లైటు, గేరు, కమాన్లు అన్నీ సరుకు ఎక్కగానే లెక్క మారుతాయి. ఆ మార్పు తెలిసినవాళ్ళ బండి పదేళ్ళు అన్నం పెడుతుంది. తెలియనివాళ్ళ బండి రెండేళ్ళకే మెకానిక్ షెడ్డులో నిలబడుతుంది.

ఇక్కడ చెప్పేవన్నీ మన ఊళ్ళలో ఎక్కువగా తిరిగే బొలేరో పికప్ తరహా బండిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. డీజిల్ ఇంజను, వెనక చక్రాలకు లాగుడు, వెనక కమాన్ పట్టీలు. యోధా, దోస్త్, ఇంట్రా, 2005లో వచ్చి ఊరూరా తిరిగిన టాటా ఏస్ ఏది ఉన్నా, ఇంజను ఉన్నచోటు, నూనెల కొలతలు మారొచ్చు గానీ పద్ధతి ఇదే. కొలతలకు మాత్రం బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. దాన్ని బీరువాలో దాచకండి, బండిలో ఉంచండి.

మెట్టు 1: మీ బండి ఎంత మోస్తుందో లెక్క కట్టండి

ఆర్‌సీ తీసి చూడండి. అందులో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది సరుకు, మనుషులతో కలిపి బండి మొత్తం ఎంత వరకు తూగొచ్చో చెప్పే బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదంతా సరుకుకే అనుకుంటాం. కానీ చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు ఉండరు. వాళ్ళ బరువు కూడా తీసేయాలి. బండి కొన్నాక మీరు కట్టించిన ఇనుప పైపులు, క్యారియరు, టార్పాలిన్ బరువు కూడా సరుకు వాటాలోంచే పోతుంది. అందుకే అన్నీ బిగించాక ఒకసారి ఖాళీ బండిని వేబ్రిడ్జి ఎక్కించి ఆ చీటీ దాచుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. ఖాళీ బరువు 1,700 కిలోలు, మొత్తం బరువు 2,990 కిలోలు అనుకుందాం. తేడా 1,290. ఇద్దరు మనుషులకు 140 తీస్తే మిగిలింది 1,150 కిలోలు. టమాటా క్రేటు పండుతో కలిపి 27 కిలోలు తూగితే 42 క్రేట్లు పడతాయి. "ఇంకో పది వేసుకో అన్నా, ఏం కాదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ పది క్రేట్లంటే 270 కిలోలు. అంటే నలుగురు మనుషులు ఎక్కినట్టు. ఏం కాదన్న మనిషి మార్కెట్లోనే ఉంటాడు, ఘాట్ దిగేది మీరు.

కాగితాల్లో నాలుగు విషయాలు గుర్తుంచుకోండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీం కోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్ పత్రం బండికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా తీసుకోవాలి. ఓవర్‌లోడుకు 2019 సవరణ చట్టం పెట్టిన జరిమానా 20,000 రూపాయలు, దానిపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ 2,000.

మెట్టు 2: పొద్దున్నే పది నిమిషాలు

తాళం పెట్టకముందే చేయాల్సిన పని ఇది. మొదట బండి రాత్రంతా నిలబడిన చోట నేల చూడండి. నల్లటి మరక ఉంటే ఇంజను ఆయిలు లేదా గేరు ఆయిలు కారుతోంది. ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ రంగు తడి కూలెంటుది. చక్రం లోపలి వైపు నూనె తడి కనిపిస్తే బ్రేకు ఆయిలు కావచ్చు, ఆ బండిని కదిలించకుండా మెకానిక్‌ను పిలవండి.

తర్వాత బానెట్ తెరవండి.

- ఇంజను ఆయిలు: బండి చదును నేల మీద, ఇంజను చల్లగా ఉండాలి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్ళీ తీయండి. నూనె తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటి పోయడం కూడా తప్పే.
- కూలెంటు: తెల్ల డబ్బా మీద గీతల మధ్య ఉందో లేదో బయటి నుంచే చూడవచ్చు. ఇంజను వేడిగా ఉండగా మూత తీయకండి, మరిగిన నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. తగ్గిందని బోరు నీళ్ళు పోయకండి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకోవడం చూశారు కదా, రేడియేటరు సన్నటి గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది.
- బ్రేకు ఆయిలు: మట్టం నెమ్మదిగా తగ్గుతుంటే బ్రేకు ప్యాడ్లు అరుగుతున్నట్టు. ఉన్నట్టుండి తగ్గితే లీకు. రెండింటికీ మందు పైనుంచి నూనె పోయడం కాదు, కారణం చూడటం.

చివరగా టైర్లు. పికప్‌లో ముందు టైర్లకు ఒక గాలి, వెనక టైర్లకు ఒక గాలి. లోడుకు వెనక టైర్లలో ఎంత ఉండాలో డోరు దగ్గరి పట్టీ మీద గానీ పుస్తకంలో గానీ రాసి ఉంటుంది. ఆ అంకెలు చల్లటి టైరుకే వర్తిస్తాయి. ఎండలో యాభై కిలోమీటర్లు వచ్చాక గాలి పెరిగినట్టు కనిపిస్తుంది, అది చూసి గాలి తీసేయకండి. లోడు మీద గాలి తక్కువైన టైరు పక్క గోడలు మడతపడుతూ లేస్తూ వేడెక్కిపోతాయి. మే నెలలో హైవే మీద పేలే టైర్లలో చాలావాటి కథ ఇదే.

టైరు గాడుల్లో అక్కడక్కడ చిన్న అడ్డగట్లు ఉంటాయి. పైరబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, టైరు మార్చాల్సిందే. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు ఏడాదిని చెబుతాయి. 1423 అంటే 2023లో 14వ వారంలో తయారైంది.

మెట్టు 3: స్టార్ట్ చేయడం, దీపాలు చదవడం

తాళం ఒక మెట్టు తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతాయి. వాటిలో చుట్టలు తిరిగిన తీగ బొమ్మ హీటరుది. అది ఆరేదాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టండి, చలికాలం పొద్దున్నే ఇది తప్పనిసరి. ఇంజను అందుకున్నాక రేస్ చేయకండి. నూనె పైదాకా ఎక్కడానికి అర నిమిషం ఇచ్చి నెమ్మదిగా కదలండి. అలాగే దూరం నుంచి లోడుతో వచ్చి టక్కున ఆపేయకండి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది.

దీపాల భాష తేలిక. ఎరుపు వెలిగితే పక్కకు తీసి ఆపండి. పసుపు వెలిగితే త్వరగా చూపించండి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే "పెట్రోలు బంకు దాకా పోదాం" అనుకోవద్దు. నూనె ఒత్తిడి లేకుండా ఇంజను తిరిగే ఆ కొద్ది నిమిషాల్లోనే బేరింగులు పోతాయి, ఇంజను విప్పాల్సి వస్తుంది.

డీజిల్లో నీళ్ళు చేరాయని చెప్పే దీపం వెలిగితే ఫిల్టరు అడుగున ఉన్న మర వదులు చేసి, నీళ్ళు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఊళ్ళోనే ఆగుతూ సాగుతూ తిరిగే బండిలో మసి కాలేంత వేడి పుట్టదు, దాంతో ఫిల్టరు నిండి దీపం వెలుగుతుంది. అప్పుడు హైవే ఎక్కి ఒకే వేగంతో పుస్తకం చెప్పినంతసేపు నడిపితే మసి కాలిపోతుంది. దీపాన్ని పట్టించుకోకపోతే ఖర్చు వేలల్లోకి పోతుంది.

మెట్టు 4: సరుకు ఎక్కించడం

హమాలీలు తమకు వీలైన చోట వేస్తారు. ఎక్కడ పడాలో చెప్పాల్సింది మీరు. బరువైన సరుకు క్యాబిన్ గోడకు ఆనుకుని మొదలై, వెనక చక్రాల ఇరుసు దాటకుండా సర్దాలి. ఇరుసుకు వెనకగా బరువు ఎక్కువైతే తూగుడుబల్లలా ముందు భాగం లేస్తుంది. స్టీరింగు చేతికి మరీ తేలిగ్గా తగులుతుంటే బండి బాగుందని మురిసిపోకండి. ముందు టైర్లు రోడ్డును సరిగా పట్టుకోవడం లేదని అర్థం. ఆపి సరుకు ముందుకు జరపండి.

సరుకును బట్టి జాగ్రత్త మారుతుంది. సిమెంటు బస్తా 50 కిలోలు, ఇరవై బస్తాలకే టన్ను. బాడీ సగం కూడా నిండదు కాబట్టి చూసేవాళ్ళకు ఖాళీగా కనిపిస్తుంది, అక్కడే ఓవర్‌లోడు అవుతుంది. మిర్చి బస్తాలది దీనికి తలకిందులు. గుంటూరు యార్డుకు వెళ్ళే బండి ఎత్తుగా పేరిస్తే బరువు పైకి చేరి, మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. సగం నిండిన నీళ్ళ ట్యాంకు, పాల క్యాన్లు ఇంకో రకం. బ్రేకు వేశాక కూడా లోపలి ద్రవం ముందుకు దూకి బండిని నెడుతుంది.

ఒక్క సరుకు మాత్రం ఎప్పుడూ ఎక్కించకండి, మనుషుల్ని. పొలం పనికి కూలీలు, పెళ్ళికి చుట్టాలు, జాతరకు పిల్లలు అంటూ అడుగుతారు. పట్టుకోవడానికి ఏమీ లేని బాడీలో నిలబడిన ఇరవై మంది మలుపులో ఒకే వైపుకు ఒరుగుతారు. సరుకు బండిలో జనాన్ని ఎక్కించడం చట్టం ఒప్పదు, బీమా కూడా అండగా నిలబడదు. కాదంటే ఆ పూట మాట పడాల్సి వస్తుంది. పడండి.

మెట్టు 5: కట్టడం

బాడీ పక్కల కొక్కేలు ఉన్నది తాడు కోసమే. వెనక తలుపు గడియలు రెండూ పడ్డాయో లేదో చేత్తో లాగి చూడండి. తాడు ముందు మూల నుంచి మొదలుపెట్టి, అటూ ఇటూ గుణకారం గుర్తులా దాటిస్తూ వెనక్కి రండి. బిగించేచోట తాడులో ఒక ఉచ్చు వేసి, కొసను కొక్కెం కిందుగా తిప్పి ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగితే, కప్పీతో లాగినట్టు రెట్టింపు బిగువు వస్తుంది. టార్పాలిన్ ముందు అంచును కిందికి మడిచి కట్టండి, గాలి దూరితే గొడుగులా లేస్తుంది.

బయల్దేరి ఐదారు కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆపండి. కుదుపులకు సరుకు సర్దుకుని తాడు వదులవుతుంది. మళ్ళీ బిగించాకే హైవే ఎక్కండి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపును టార్పాలిన్ కప్పేయకుండా చూసుకోండి. రాత్రి పంక్చరై ఆగిన బండిని వెనకవాడికి చూపించేది అదొక్కటే కావచ్చు.

మెట్టు 6: లోడుతో నడపడం

బయల్దేరే ముందు డ్యాష్‌బోర్డు మీద 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం వెతకండి. లోడు ఎక్కితే వెనక దిగి ముందు లేస్తుంది, హెడ్‌లైటు వెలుగు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. ఆ చక్రం తిప్పితే వెలుగు కిందికి వస్తుంది. ఖాళీ బండికి 0, లోడును బట్టి పెద్ద అంకె.

వేగం పెరిగినకొద్దీ ఆగే దూరం మరీ ఎక్కువగా పెరుగుతుంది. 40లో వెళ్తున్నప్పటి కంటే 60లో బ్రేకులు మింగాల్సిన శక్తి రెండింతలకు పైమాటే, దానికి టన్ను బరువు తోడు. కాబట్టి ముందు బండికి దూరం ఖాళీగా ఉన్నప్పటికి రెండింతలు వదలండి.

ఘాట్ దిగేటప్పుడు పాత లారీ డ్రైవర్ల సూత్రమే సూత్రం: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులో దిగు. మారేడుమిల్లి ఘాట్ అయినా, శ్రీశైలం మలుపులైనా, దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించండి. బండిని ఇంజను పట్టి ఉంచుతుంది, బ్రేకు మధ్యమధ్య కొద్దిగా వాడితే చాలు. అదేపనిగా బ్రేకు మీద కాలుంచితే డ్రమ్ములు కాగి, లైనర్లు పట్టు వదిలేస్తాయి. పెడలు తొక్కినా బండి ఆగదు. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు చల్లకండి.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగే అలవాటు కొందరికి ఉంది. ఇప్పటి డీజిల్ ఇంజన్లు గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలేస్తే డీజిల్ పంపడమే మానేస్తాయి. కాబట్టి మిగిలేదేమీ లేదు. ఇంజను ఆపేస్తే మరీ ప్రమాదం. బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగు రెండూ ఇంజను తిరిగితేనే పనిచేస్తాయి.

మెట్టు 7: స్టెప్నీ దించడం ఇంటి దగ్గరే నేర్చుకోండి

చాలా పికప్‌లలో స్టెప్నీ బాడీ కింద వెనకవైపు వేలాడుతుంది. పొడవాటి కడ్డీ వెనకనున్న రంధ్రంలో దూర్చి తిప్పితే గొలుసు మీద కిందికి దిగుతుంది. ఒక రాత్రి వానలో, సరుకు మీదుండగా నాకు ఆ గొలుసు దిగలేదు. రెండు వర్షాకాలాల బురద, తుప్పు కలిసి దాన్ని పట్టేశాయి. తెల్లవారేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాను. అప్పటినుంచి నెలకోసారి స్టెప్నీ దించి, గొలుసుకు గ్రీజు పూసి, గాలి చూసి మళ్ళీ ఎక్కిస్తున్నాను.

టైరు మార్చే వరస ఇది:

1. గట్టి నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టండి. మార్చని చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. కొంత దూరంలో త్రికోణం బోర్డు నిలబెట్టండి.
2. టైరు నేల మీద ఉండగానే నట్లు ఒక్క చుట్టు వదులు చేయండి. పైకి లేపాక ప్రయత్నిస్తే చక్రమే తిరుగుతుంది.
3. జాకీని పుస్తకంలో చూపిన చోటే పెట్టి లేపండి. జాకీ మీదున్న బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకండి.
4. స్టెప్నీ ఎక్కించి నట్లు చేత్తో పట్టించండి. బండి దించాక ఎదురెదురు నట్లను ఒకదాని తర్వాత ఒకటి బిగించండి.
5. యాభై కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఒకసారి బిగించండి.

మెట్టు 8: వారానికి, నెలకు, సర్వీసుకు

వారానికోసారి బాడీ కడగండి. ఎరువుల బస్తాలు, భీమవరం వైపు రొయ్యల ట్రేలు మోసిన రోజైతే ఆ సాయంత్రమే కడగాలి. యూరియా పొడి, ఉప్పు నీళ్ళు రాత్రికి రాత్రే రేకును తినడం మొదలుపెడతాయి. బాడీ మూలల్లో నీళ్ళు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోకుండా పుల్లతో పొడవండి.

నెలకోసారి కమాన్లు చూడండి. బండిని చదును నేల మీద ఖాళీగా ఆపి వెనక నుంచి నిలబడి చూస్తే ఒక పక్కకు వాలినట్టుందా? పట్టీలకు అడ్డంగా సన్నటి తుప్పు గీత ఉంటే అది పగులు. కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్త బండిలో మొదటి లోడ్ల తర్వాత వదులవుతాయి, బిగింపించండి. "ఇంకో పట్టీ వేయించు, ఎక్కువ మోస్తుంది" అన్న సలహా వినకండి. ఏబీఎస్ లేని చాలా పికప్‌లలో వెనక ఇరుసు దగ్గర ఒక కడ్డీ, వాల్వు ఉంటాయి. బండి ఎంత కిందికి దిగిందో చూసి వెనక బ్రేకుకు ఎంత బలం పంపాలో అది తేలుస్తుంది. పట్టీ పెంచితే బండి దిగదు, వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకుకు బలం తగ్గిస్తుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీజు పెట్టించేటప్పుడు పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టించండి. క్లచ్ వదలగానే కింద "టక్" మంటే క్రాసు అరిగిందని అర్థం. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి చేరితే ముందు నెగెటివ్ వైరు విప్పి, వేడినీళ్ళతో కడిగి, ఆరాక వ్యాసెలిన్ పూయండి. రైసు మిల్లులు, క్వారీలు, మిర్చి యార్డుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో చెప్పినదానికంటే ముందే నిండుతుంది.

ఇవన్నీ గుర్తుండవు కాబట్టి డ్యాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు. నాలుగు ముక్కలు చాలు. రేపు బండి అమ్మేటప్పుడు ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

మెట్టు 9: సరుకు దించాక

లోడు దిగిందంటే పని అయిపోయిందని కాదు, బండి మళ్ళీ మారిందని. పొద్దుటి నుంచి బరువు మీద నడిపిన కాలికి ఇప్పుడు బండి గాల్లో తేలినట్టుంటుంది. వెనక బరువు లేదు, లాగేది మాత్రం వెనక చక్రాలే. తడి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే వెనక భాగం జారి బండి అడ్డం తిరుగుతుంది. అలసిపోయి ఇంటికెళ్ళే తొందరలో జరిగే తప్పు ఇది. హెడ్‌లైటు చక్రం 0కు తిప్పి, తాళ్ళు చుట్టి, నెమ్మదిగా రండి.

ఇంటికొచ్చాక లోపలికి వెళ్ళే ముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. ఒక్కో చక్రం మధ్యకు అరచేతి వెనక భాగాన్ని తాకించకుండా దగ్గరగా పెట్టండి. నాలుగింటి వేడీ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే ఎక్కువ కాగుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగు పోతోంది. అది ఈ సాయంత్రం ఇంటి ముందు తెలిస్తే చిన్న ఖర్చు. రేపు లోడు మీద, ఘాట్‌లో తెలిస్తే ఎంత ఖర్చో చెప్పలేం. ఏడాదికోసారి ఆయుధ పూజ నాడు అదే చక్రానికి పసుపు కుంకుమ పెడతాం. మిగతా రోజుల్లో ఆ చెయ్యి దాని వేడి చూస్తే చాలు.